కమాన్ కట్టల కింద చివరి నిజాం

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పాత కార్ల దగ్గరికి వచ్చినవాళ్లు ఎక్కువసేపు నిలబడేది పసుపు రంగు రోల్స్ రాయిస్ ముందే. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. పురమాయించింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. బండి చేతికి రాకముందే, 1911 ఆగస్టులో ఆయన పోయారు. ఎక్కే భాగ్యం కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది. బాడీ కట్టింది లండన్ బార్కర్ కంపెనీ. వెనుక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. జనం దాన్నే చూసి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. నాకు మాత్రం వంగి కిందికి చూడాలనిపిస్తుంది.

అప్పటి బండ్లకు ఛాసీ వేరు, బాడీ వేరు. రెండు పొడవాటి ఉక్కు పట్టాలు, వాటిని కలిపే అడ్డకమ్ములు. పైనున్న బరువంతా చివరికి ఇరుసుల మీది కమాన్ కట్టలకే దిగుతుంది. ఎత్తు సీటు, అందులో ప్రభువు అంటే భారం సగానికి పైగా వెనక్కే. బండి తిరుగుతున్నన్నాళ్లూ కట్టలు బాగానే ఉంటాయి. ఏళ్లకేళ్లు ఒకేచోట నిలబెడితే పట్టీల మధ్య తుప్పు చేరి, వంపు చచ్చి, బండి వెనుక భాగం కుంగిపోతుంది.

అలాంటి బండిని లేపాలంటే యూ బోల్టులు విప్పి కట్ట దించాలి. పట్టీలన్నీ విడదీసి, తుప్పు గీకి, వంపు మళ్లీ కొట్టించి, విరిగినదాని స్థానంలో అదే మందం పట్టీ వేయాలి. అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. కట్ట గట్టిపడితే గోతిలో పడ్డప్పటి దెబ్బ ఛాసీకి తగులుతుంది. కమాన్‌ను పట్టుకునే బ్రాకెట్ల దగ్గర వెంట్రుకవాసి చీలికలుంటాయి. చీలిక కొసన చిన్న రంధ్రం వేసి అది ఇంక పాకకుండా ఆపి, ఆ తర్వాతే బలానికి ప్లేటు వేయాలి. తొందరపడి వెల్డింగ్ పెట్టేస్తే ఆ పక్కనే మళ్లీ పగులుతుంది. పైన ఎంత మెరుగు పెట్టినా ఇదేదీ కనపడదు.

ఈ పని ఇష్టంగా చేసే నిజాం ఒకరుండేవారు. ఉస్మాన్ అలీ ఖాన్ మనవడు ముకర్రం జా. 1933లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో పుట్టారు. హారో, కేంబ్రిడ్జ్, శాండ్‌హర్స్ట్ చదువులు. మనసంతా ఇంజిన్ల మీదే. 1967 ఫిబ్రవరిలో తాత పోయాక, సొంత తండ్రిని దాటి వారసత్వం ఆయన నెత్తిన పడింది. దాంతోపాటు 14,718 మంది సిబ్బంది, ఆశ్రితులు, కోర్టు కేసులు. గ్యారేజీలోని 60 కార్ల పెట్రోలుకూ విడిభాగాలకూ ఏటా 45 వేల పౌండ్లు పోతుంటే, నడిచేవి నాలుగేనని చరిత్రకారుడు విలియం డాల్రింపుల్ రాశారు. నాలుగు బండ్లు తాగే పెట్రోలేనా అది? పట్టాభిషేకం నుంచి కొత్త నిజాంను తీసుకెళ్లాల్సిన కారే మొరాయించిందట.

1971లో రాజభరణాలు రద్దయ్యాయి. ఆయన పశ్చిమ ఆస్ట్రేలియాలో మర్చిసన్ హౌస్ స్టేషన్ అనే గొర్రెల క్షేత్రం కొని అక్కడ బుల్డోజర్లతో కాలం గడిపారు. ఇక్కడ రాజభవనాలకు తాళాలు పడ్డాయి. తాళాల వెనుక సామాను తరిగిపోయింది. 1995లో 173 నగలు 218 కోట్ల రూపాయలకు కేంద్ర ప్రభుత్వానికి చేరాయి. ఆస్ట్రేలియా ఆస్తీ నిలవలేదు. చివరికి టర్కీలో చిన్న ఫ్లాట్‌లో బతికారు.

తాతల సొమ్ము తగలేశాడని అనడం తేలిక. నాకు అలా అనబుద్ధి కాదు. చెడిపోయిన బండి కిందికి దూరి ఏది విరిగిందో కనిపెట్టగల మనిషికి, ఎవరు ఎంత నొక్కేస్తున్నారో అంతుపట్టని ఎస్టేటును అప్పగించారు. తప్పించుకోవడానికి ఆయనకు తెలిసిన చోటు గ్యారేజీ ఒక్కటే. అయితే ఆయన తల తిప్పుకున్న ప్రతి ఏడూ ఇక్కడ ఒక గోడ కూలింది, అదీ నిజమే.

ఆ కూలినదాన్ని నిలబెట్టింది విడాకులు తీసుకున్న మొదటి భార్య ఎస్రా. ఆమె పూనుకుని చౌమహల్లాను బాగు చేయించాక 2005లో సందర్శకులకు తలుపులు తెరుచుకున్నాయి. 2010లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కార్లూ మెరుగు పెట్టుకుని వరసలో నిలబడ్డాయి.

ముకర్రం జా 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు. భౌతికకాయాన్ని హైదరాబాద్ తెచ్చి, 1967లో పట్టాభిషేకం జరిగిన చౌమహల్లాలోనే జనం కడచూపు కోసం ఉంచారు. జనవరి 18న మక్కా మసీదులో పూర్వీకుల సమాధుల పక్కన ఖననం చేశారు.