ఫస్టియర్ పుస్తకం మళ్లీ తెరిచిన పొద్దు

చంద్లాపూర్‌లో ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మా అక్క వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుంటే ఫిబ్రవరి చలి పాదాలకు తగులుతోంది. పక్కింట్లో బర్రె పాలు పిండుతున్న చప్పుడు వినిపిస్తోంది. బావ చెయ్యి కడుక్కుని పొలానికి బయలుదేరుతున్నాడు. యాసంగి నాట్లు పడ్డాయి, మళ్లలో వరి పచ్చబడింది. లోపల గదిలో లైటు వెలుగుతూనే ఉంది. నా మేనకోడలు చాప మీద కూర్చుని, ఒడిలో పుస్తకం పెట్టుకుని లెక్క చేస్తోంది. ఆ పుస్తకం ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్.

ఇది 2025 ఫిబ్రవరి నాటి సంగతి. ఆమె ఇంటర్ పాసై ఏడాది కావస్తోంది. ఇంకా ఫస్టియర్ పుస్తకమేంటని చుట్టాలు అడుగుతూనే ఉన్నారు. ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు. 2023 మార్చిలో రాసిన ఆ పేపర్లో ఆమెకు 60కి 14 మార్కులు వచ్చాయి. పాస్ కావాలంటే 21 కావాలి. సప్లిమెంటరీ రాసి గట్టెక్కింది. మిగతా సబ్జెక్టుల్లో కూడా అత్తెసరు మార్కులతోనే బయటపడింది. "ఇగ దీనికి డాక్టర్ చదువేంది, డిగ్రీల ఎయ్యరాదు" అని ఊళ్లో అననివాళ్లు లేరు.

ఈరోజు ఆమె సిద్దిపేటకు వెళ్లి నీట్ అప్లికేషన్ పెడుతోంది. తోడు నేను వెళ్తున్నాను.

అక్క స్టీలు గ్లాసులో చాయ్ తెచ్చి నా చేతికిచ్చింది. "తమ్మీ, ఒక్కమాట చెప్పు. పస్టియర్ల తప్పింది గదా, దీన్ని తీసుకుంటరా?" అని చెవిలో అడిగింది. ఏడాదిగా ఆమె మనసులో నలుగుతున్న భయం అదే. తెలంగాణలో ఎన్నో ఇళ్లలో అమ్మలు ఇదే అడుగుతుంటారు. అందుకే అందరికీ వినపడేలా చెప్పాను. తీసుకుంటారు. ఎంబీబీఎస్ సీటుకు ఇంటర్‌లో బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ కలిపి ఓసీలకు 50 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉంటే చాలు. ఆ గీత దాటాక ర్యాంకు వేసేది నీట్ మార్కులతోనే. ఇంటర్ మార్కులకు అందులో వెయిటేజీ లేదు. సప్లిమెంటరీలో పాసైనా పాసే. ఇన్నిసార్లే రాయాలన్న లెక్క లేదు, పై వయసు పరిమితిని కూడా 2022లో ఎత్తేశారు.

అక్క ఏమీ అనలేదు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి వంటింట్లోకి వెళ్లింది.

బస్సుకు ఇంకా టైముంది. "మామా, కట్ట దాక పోయొద్దమా? అక్కడైతే ఈ చాప్టర్ మంచిగ ఎక్కుతది" అంది మేనకోడలు. నడిచాం. కట్ట ఎక్కగానే రంగనాయక సాగర్ కళ్లకు నిండుగా కనిపించింది. పొద్దు అప్పుడే పొడుస్తోంది. రంగనాయకస్వామి పేరు పెట్టుకున్న ఈ రిజర్వాయర్ సామర్థ్యం 3 టీఎంసీలు. 2020 ఏప్రిల్ 24న ఇందులోకి మొదటిసారి నీళ్లు వదిలారు. మిడ్ మానేరు నుంచి అనంతగిరి మీదుగా సొరంగంలో వచ్చిన గోదావరి నీళ్లను భూగర్భంలోని పంపుహౌజ్ నుంచి మోటార్లు పైకెత్తి ఇక్కడ పోస్తాయి. నాలుగు మోటార్లున్నాయి, ఒక్కోటి 134 మెగావాట్ల పైచిలుకు.

ఆమె పుస్తకం తెరిచింది. వర్క్, ఎనర్జీ, పవర్. "ఒక ఘనపు మీటర్ నీళ్లంటే వెయ్యి కిలోలు. వంద మీటర్లు పైకి లేపాలె. వెయ్యి ఇంటూ తొమ్మిది పాయింట్ ఎనిమిది ఇంటూ వంద." పెన్నుతో అరచేతి మీద రాసుకుంది. "తొమ్మిది లక్షల ఎనభై వేల జౌల్స్. అదే పని ఒక్క సెకన్ల చెయ్యాలంటే 980 కిలోవాట్ల మోటర్ గావాలె. ఇంక నష్టాలు కలుపుకోవాలె." లెక్క అయ్యాక నీళ్ల వైపు చూసింది. "గప్పుడు ఎంజీహెచ్ అని బట్టీ వట్టిన మామా. ఎం అంటే ఏంది, హెచ్ అంటే ఏందని అడగలే. మన ఊరి నీళ్లే అని ఎవ్వలు చెప్పలే."

ఈ పిల్ల తొమ్మిదో తరగతి చాలావరకు బడి గడప తొక్కకుండానే గడిచిపోయింది. కరోనాతో బడులు మూతపడ్డాయి. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో పాఠాలు చెప్పారు. ఇంట్లో ఉన్నది ఒక టీవీ, ఒక ఫోను. లెక్కలకూ ఫిజిక్స్‌కూ పునాది పడాల్సిన ఏడాది అలా పోయింది. పదో తరగతి సిలబస్ తగ్గించి గట్టెక్కించారు. అదే పిల్ల తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియం ఇంటర్‌కు వెళ్లింది. క్లాసులో లెక్చరర్ రాసేది బోర్డు మీద చెరిగిపోయేలోగా రాసుకోవడంతోనే సరిపోయేది. ఇంత జరిగాక వచ్చిన 14 మార్కులు ఆమె తెలివిని కొలిచాయని నేను ఒప్పుకోను. ఆ రోజుకు ఆమెకు అందిన చదువును మాత్రమే కొలిచాయి.

చంద్లాపూర్ నుంచి పల్లెవెలుగు ఎక్కాం. కండక్టర్ ఆధార్ కార్డు చూసి ఆమెకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టాడు, నా దగ్గర డబ్బులు తీసుకున్నాడు. కిటికీ పక్కన కూర్చుని ఆమె సంచిలోంచి ఇంకో నోట్‌బుక్ తీసింది. అట్ట మీద "తప్పులు" అని రాసి ఉంది. తిరగేశాను. ప్రాక్టీస్ పేపర్లో తప్పయిన ప్రతి ప్రశ్నకూ మూడు గళ్లు. మొదటి గడిలో ప్రశ్న, రెండో గడిలో సరైన జవాబు, మూడో గడిలో ఎందుకు తప్పయింది. ఆ మూడో గడి నింపడమే అసలు కష్టమట. "యూనిట్ మార్చలే." "ప్రశ్న సగమే సదివిన." "ఈ పాఠం నాకు రాదు." ఆ చివరి మాట మొదటి పేజీల్లో వరుసగా ఉంది. పేజీలు తిప్పేకొద్దీ తగ్గుతూ వచ్చింది. చివరి పేజీల్లో ఎక్కువగా ఉన్నది "తొందరపడ్డ" అన్న మాటే.

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. సిలబస్‌లో ఇంచుమించు సగం ఫస్టియర్‌దే. ఇక్కడే చాలామంది పిల్లలు దెబ్బతింటున్నారు. ఫస్టియర్ మార్కులు ర్యాంకులో కలవవని తెలిసి ఊపిరి పీల్చుకుంటారు, ఆ పుస్తకాన్ని అక్కడే వదిలేస్తారు. సెకండియర్ పాఠాలనే రుద్దుతారు. పరీక్ష హాల్లో ఆ సగం సిలబస్ ఎదురొచ్చి నిలబడుతుంది. మార్కులు పోతే పోయాయి, పాఠం మాత్రం పోకూడదు. నా మేనకోడలు ఏడాదంతా చేసిన పని ఒక్కటే, పోయిన పాఠాన్ని వెనక్కి తెచ్చుకోవడం.

సిద్దిపేట బస్టాండ్ దగ్గరి ఇంటర్నెట్ సెంటర్లో అప్పటికే నలుగురైదుగురు పిల్లలున్నారు, అందరి చేతుల్లో ప్లాస్టిక్ ఫైళ్లు. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు మా వైపు తిరిగాడు. "ఏ కేటగిరీ అక్కా? స్టేట్ బీసీ సర్టిఫికెట్ ఉందా, సెంట్రల్ ఓబీసీ ఉందా?" ఫైల్లోంచి రెండూ తీసింది. తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగి ముందే తెచ్చిపెట్టుకుంది. దేశమంతటికీ కలిపి పంచే 15 శాతం సీట్లకు కేంద్రం ఓబీసీ సర్టిఫికెట్ చూస్తారు, మన రాష్ట్రం సీట్లకు ఇక్కడి బీసీ సర్టిఫికెట్ చూస్తారు. ఒకటి తెచ్చి ఇంకోటి మరిచిపోయిన పిల్లవాడు మా పక్కనే దిగులుగా ఫోన్ చేస్తున్నాడు. తల్లిదండ్రులారా, ఈ కాగితాలు సంక్రాంతికల్లా ఇంట్లో ఉంచండి.

తెల్ల కాగితం, ఇంకు ప్యాడ్ వచ్చాయి. రెండు చేతుల పది వేళ్ల ముద్రలూ వేసి స్కాన్ చేయాలి. "అక్కా, గట్టిగ ఒత్తకు, పాముకుంటది. ఇట్ల పెట్టి తియ్యి." ఆమె ఎడమ బొటనవేలితో మొదలుపెట్టింది. నాట్లకు పోయొచ్చిన వేళ్లు, కొనల దగ్గర చర్మం ఇంకా పగిలే ఉంది. చూపుడు వేలి ముద్రలో ఆ పగులు అడ్డంగా తెల్లటి గీతలా పడింది. కుర్రాడు దగ్గరికి తీసుకుని చూశాడు. "ఇది మల్లొక్కసారి వెయ్యక్కా." ఆమె వేలు తుడుచుకుని, కాసేపు అరచేతిలో నలిపి మళ్లీ వేసింది. ఈసారి గుండ్రటి రేఖలన్నీ వచ్చాయి.

సర్వర్ నెమ్మదిగా ఉంది. పక్క కుర్చీలో ఒక పెద్దాయన, మనవరాలికి అప్లికేషన్ పెట్టించడానికి వచ్చాడు. ఆయన మనవడొకడు అమెరికాలో ఉన్నాడట. "వాడు కూడ డాక్టరే సదువుతా అంటున్నడు సారూ. కాలేజీల మొదటేడు గ్రేడ్లు తగ్గినయని రంది వెట్టుకున్నడు" అన్నాడు. అక్కడి తీరు వేరని ఆయనకు చెప్పాను. అమెరికాలో ఇంటర్ కాగానే మెడిసిన్ ఉండదు. నాలుగేళ్ల డిగ్రీ చేసి, ఎంక్యాట్ రాసి, ఆ తర్వాత మెడికల్ స్కూళ్లకు అప్లై చేయాలి. మొదటి సెమిస్టర్ గ్రేడ్ కూడా అప్లికేషన్ వెంటే వెళ్తుంది. అయినా మొదట్లో తడబడ్డవాళ్లకు అక్కడా దారి ఉంది. డిగ్రీ అయ్యాక మళ్లీ సైన్స్ కోర్సులు చదివి మంచి గ్రేడ్లు తెచ్చుకుంటారు, గ్రేడ్లు ఏటేటా పెరుగుతూ వచ్చాయా అని కాలేజీలు చూస్తాయి. పెద్దాయన తలూపాడు. "అంటే యాడైనా ఎన్కకు పోయి సదివినోనికే సీటన్నట్టు" అన్నాడు. నేను చెప్పదలుచుకున్నదంతా ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు.

ఆ పెద్దాయనకే ఇంకో మాట కూడా చెప్పాను. మన ఊళ్లలో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి బోదకాలు మాత్రలు మింగిస్తారు కదా, డీఈసీ. ఆ మందు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో తయారైంది. క్యాన్సర్‌కు నేటికీ వాడే మెథోట్రెక్సేట్ వెనకా ఆయన బృందమే ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ పాస్ కాలేదు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివి కూడా ఎంబీబీఎస్ పట్టా దక్కక, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్‌తో బయటికొచ్చారు. మెట్రిక్ తప్పాడని ఆ ఇంట్లో చదువు మాన్పించి ఉంటే, బోదకాలు వ్యాధికి ఆ మాత్ర ఎప్పుడు వచ్చేదో, ఎవరి చేతిలో వచ్చేదో. కుర్రాడు కీబోర్డు మీద చెయ్యి ఆపి వింటున్నాడు.

తప్పినంత మాత్రాన చదువు ఆగిపోదన్న మాట నేను ఊరికే చెప్పడం లేదు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక తెలంగాణలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులు దొర్లాయని గొడవైంది, ఫెయిలైన లక్షల మంది జవాబు పత్రాలను మళ్లీ పరిశీలించారు. పిల్లలు మాత్రం తిరిగి రాలేదు. మెమో వచ్చిన రోజు ఇంట్లో మనం ఏ మాట అంటామో దాని మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఫెయిలైన బిడ్డను ముందు అన్నానికి పిలవండి. సప్లిమెంటరీ ఫీజు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఫీజు పేజీ తెరుచుకుంది. ఓబీసీకి 1600 రూపాయలు. నేను జేబులో చెయ్యి పెట్టేలోపే ఆమె డబ్బులు తీసి బల్ల మీద పెట్టింది. "నాట్ల పైసలు మామా, నావే." ఓటీపీ వచ్చింది, పేమెంట్ అయింది. కన్ఫర్మేషన్ పేజీ ప్రింట్ వేడివేడిగా బయటికొచ్చింది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కేటగిరీ, అన్నీ వేలు పెట్టి ఒక్కొక్కటే చదివి సరిచూసుకుంది. ప్రశ్నలో సగమే చదివే అలవాటు పోయిందని నాకు అక్కడే తెలిసింది.

పోటీ చిన్నది కాదు. దేశమంతా కలిపి 20 లక్షలకు పైగా పిల్లలు ఈ పరీక్ష రాస్తారు. ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకే. సీటు వస్తుందని నేను ఆమెకు మాట ఇవ్వలేదు, ఇవ్వను కూడా. కానీ ఈ ప్రాంతంలో దారి మునుపటికన్నా వెడల్పైంది. రాష్ట్రం ఏర్పడినప్పుడు తెలంగాణలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఐదు, ఇప్పుడు 30కి పైగానే. మన సిద్దిపేటలోనే 2018లో 150 సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. చంద్లాపూర్ పిల్ల పొద్దున బస్సెక్కి వెళ్లి చదువుకుని రాగలిగినంత దగ్గర.

బస్సు కోసం నిలబడ్డాం. ఆమె పుస్తకం నా చేతికిచ్చింది. "థర్మోడైనమిక్స్ అడుగు మామా." అడిగాను. ఐసోథర్మల్ అంది, అడియాబాటిక్ అంది, రెండింటికీ తేడా చెప్పింది. ఒక ఫార్ములాలో గుర్తు తప్పింది. తనే పట్టుకుని, అక్కడే నిలబడి తప్పుల నోట్‌బుక్‌లో రాసుకుంది. మూడో గడిలో ఏం రాసిందో నేను చూడలేదు, అది ఆమె లెక్క.

మీ ఇంట్లోనూ ఫస్టియర్‌లో తప్పిన బిడ్డ ఉంటే, ఆ మెమోను బీరువాలో పెట్టేయండి. పుస్తకాన్ని మాత్రం అటకెక్కించకండి. దాన్ని బిడ్డ చేతికివ్వండి, ఒక ఏడాది టైము కూడా ఇవ్వండి. ఆ ఏడాది ఎవరేమన్నా మీరు బిడ్డ పక్కన నిలబడండి.