నెల్లూరు తీరంలో అమోనియా: వినియోగం, ప్రమాదాలు, భద్రతా చర్యలు

నెల్లూరు: జిల్లాలో కావలి మొదలు ముత్తుకూరు వరకు గల తీర మండలాలలో రొయ్యల సాగుతో పాటు ప్రాసెసింగ్ ప్లాంట్లు, ఐస్ ఫ్యాక్టరీలు, శీతల గిడ్డంగులు విస్తరించాయి. పట్టిన రొయ్యను గంటల వ్యవధిలో గడ్డకట్టించి ఎగుమతికి సిద్ధం చేయడం ఈ పరిశ్రమకు ప్రాణం వంటిది. ఆ చల్లదనాన్ని సమకూర్చే వాయువులలో ప్రధానమైనది అమోనియా. 2024 ఫిబ్రవరిలో తోటపల్లిగూడూరు మండలం అనంతపురం పరిధిలోని ఒక కర్మాగారంలో అమోనియా లీకై పలువురు అస్వస్థతకు గురైన విషయం విదితమే. ఈ నేపథ్యంలో మండల స్థాయి అధికారులకు, పాత్రికేయులకు ఉపయోగపడే సాంకేతిక, చట్టపరమైన వివరాలు ఈ దిగువన పొందుపరచడమైనది.

ముందుగా ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. తీర గ్రామాల రైతులకు అమోనియా అనే పేరు కొత్త కాదు. చెరువు నీటి పరీక్షలో పి.హెచ్., క్షారతలతో పాటు అమోనియాను కూడా చూస్తారు. అది మేత అవశేషాలు, రొయ్యల విసర్జితాల నుండి నీటిలో పుట్టేది; లీటరుకు మిల్లీగ్రాముల లెక్కలోనిది. కర్మాగారంలో ఉండేది పీడనంతో ద్రవరూపంలోకి మార్చిన నిర్జల అమోనియా. రెండింటి రసాయన నామం ఒక్కటే అయినా ప్రమాద స్థాయిలో పోలిక లేదు. అదే విధంగా, 2020 ఆగస్టు 4న బీరూట్ ఓడరేవులో పేలినది అమోనియం నైట్రేట్ అనే ఘనపదార్థం. దానిని అమోనియా వాయువుగా పేర్కొనడం సరికాదు.

అమోనియా మైనస్ 33 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. ద్రవం ఆవిరయ్యే సమయంలో పరిసరాల నుండి అత్యధికంగా వేడిని గ్రహిస్తుంది. ఓజోన్ పొరకు హాని చేయదు, భూతాపాన్ని పెంచదు, ధర తక్కువ. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత క్లోరోఫ్లోరోకార్బన్ల వాడకం తగ్గుతూ రావడంతో పెద్ద శీతలీకరణ యంత్రాలకు అమోనియా ప్రాధాన్యం మరింత పెరిగింది. కావున దీనిని నిషేధించవలసిన విషంగా చిత్రించడం సమంజసం కాదు. సరిగా నడిపిన ప్లాంటులో అది పైపులు దాటి బయటకు రాదు.

బయటకు వచ్చినప్పుడు మాత్రం దాని తీరు వేరు. ఒక లీటరు ద్రవం సుమారు 850 లీటర్ల వాయువుగా వ్యాపిస్తుంది. అమోనియా వాయువు గాలి కంటే తేలిక కనుక పైకి పోతుందని పాఠ్యపుస్తకాలలో ఉంటుంది. అయితే పీడనంలో ఉన్న ద్రవం చిమ్మినప్పుడు అతిశీతలమైన తుంపరలు, గాలిలోని తేమ కలిసి తెల్లని దట్టమైన పొగమంచుగా మారి నేలను అంటుకొని పాకుతాయి. తేమ అధికంగా ఉండే తీర ప్రాంతంలో ఈ విషయాన్ని విస్మరించరాదు. గాలిలో సుమారు 15 నుండి 28 శాతం వరకు ఉన్నప్పుడు మూసిన గదిలో మండే గుణం కూడా దీనికి గలదు.

ఆరోగ్యంపై ప్రభావం మోతాదును బట్టి ఉంటుంది. ఘాటైన వాసన చాలా తక్కువ మోతాదులోనే తెలుస్తుంది. ఇది ఒక విధంగా వరం. గాలిలోని పది లక్షల భాగాలలో 25 భాగాలు, అనగా 25 పి.పి.ఎం., ఎనిమిది గంటల పనికి సగటు పరిమితిగాను, 35 పి.పి.ఎం. స్వల్పకాలిక పరిమితిగాను 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రెండవ షెడ్యూలు నిర్దేశించింది. 300 పి.పి.ఎం. స్థాయిని ప్రాణానికి తక్షణ ప్రమాదకరంగా అంతర్జాతీయంగా పరిగణిస్తారు. అమోనియాకు తేమ అంటే ఆకర్షణ ఎక్కువ. అందువల్లనే కళ్ళు, ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు, చెమటతో తడిసిన చర్మం ముందుగా దెబ్బతింటాయి.

చట్టం పరిధి, దాని అంచు

1984 నాటి భోపాల్ దుర్ఘటన అనంతరం 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, దాని కింద 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు వచ్చాయి. విడి నిల్వలకు సంబంధించి ఈ నియమాల రెండవ షెడ్యూలులో అమోనియాకు 60 టన్నులు, 600 టన్నులు అనే రెండు హద్దులు ఉన్నాయి. మొదటి హద్దు దాటితే స్థలాన్ని అధికారులకు తెలియజేయడం, కర్మాగారం లోపల, వెలుపల అత్యవసర ప్రణాళికలు, చుట్టుపక్కల ప్రజలకు సమాచారం తప్పనిసరి. రెండవ హద్దు దాటితే భద్రతా నివేదిక కూడా సమర్పించాలి.

రొయ్యల ప్లాంటులోని శీతలీకరణ వ్యవస్థలో సాధారణంగా ఉండేది కొన్ని టన్నులు మాత్రమే. కాగితం మీద అది భారీ ప్రమాద కేంద్రం కాదు. కానీ ఆ కొన్ని టన్నులు ఉన్నది వందలాది మంది మహిళలు రొయ్య వలిచే హాలుకు ఒక గోడ అవతల. పలుచోట్ల ఇతర రాష్ట్రాల కార్మికుల వసతి గృహాలకు అదే ఆవరణలో. ఎరువుల కర్మాగారపు పెద్ద ట్యాంకు చుట్టూ ఉండే ఖాళీ స్థలం, అగ్నిమాపక దళం, నిత్య పర్యవేక్షణ ఇక్కడ ఉండవు. పరిమాణంలో చిన్నది, మనుషులకు మరీ దగ్గరది అయిన ఈ ప్రమాదాన్ని టన్నుల లెక్కతో మాత్రమే కొలవరాదు. హద్దు లోపల ఉన్నప్పటికీ భద్రతా సమాచార పత్రం, లేబుళ్ళు, కార్మికుల శిక్షణ బాధ్యతలు యాజమాన్యానికి తప్పవు. 1996 నాటి రసాయన ప్రమాదాల నియమాల ప్రకారం జిల్లా కలెక్టరు అధ్యక్షతన జిల్లా క్రైసిస్ గ్రూపు పనిచేయవలసి ఉంటుంది. ఈ తరహా ప్లాంట్ల జాబితా ఆ గ్రూపు వద్ద ఉండడం మేలు. ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 గత 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినందున తనిఖీ పత్రాలలో పాత సెక్షన్ల ఉటంకింపులను సరిచూసుకోవలసి ఉన్నది.

ఇది ఒక్క జిల్లా సమస్య కాదు. 2020 జూన్ 27న నంద్యాలలోని ఒక పరిశ్రమలో అమోనియా లీకై ఒకరు మరణించారు. అదే సంవత్సరం ఆగస్టులో చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలం బండపల్లి వద్ద పాల డెయిరీలో జరిగిన లీకులో మహిళా కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. 2023 డిసెంబరు చివరి వారంలో చెన్నై సమీపాన ఎన్నూరు వద్ద సముద్రంలోని అమోనియా పైపులైను లీకైంది. అంతకు ముందు వచ్చిన మిచౌంగ్ తుఫాను తాకిడిని అందుకు సంబంధించిన విచారణ ప్రస్తావించింది. 1989 నవంబరులో కావలి తుఫానును చవిచూసిన ఈ తీరానికి ఆ సంఘటన గమనింపదగినది. తుఫాను హెచ్చరిక వెలువడినప్పుడు ఊళ్ళను ఖాళీ చేయించడంతో పాటు అమోనియాను రిసీవరులోకి చేర్చి వాల్వులు మూయించడం కూడా అధికారుల పనులలో చేరాలి.

లీకు ఎక్కడ మొదలవుతుంది

పెద్ద ట్యాంకు బద్దలవడం అరుదు. కంప్రెసరులో వాడే నూనె అమోనియాలో కలవదు. ద్రవ అమోనియా కంటే బరువైనది కనుక పాత్రల అడుగున చేరుతుంది. దానిని ఎప్పటికప్పుడు బయటకు తీయవలసి ఉంటుంది. చల్లని నూనె చిక్కబడి నెమ్మదిగా కారుతుంది. ఆపరేటరు విసుగుతో వాల్వును మరికొంత తిప్పుతాడు. నూనె అయిపోయిన మరుక్షణం దాని వెనుక ఉన్న అమోనియా ఒక్కసారిగా చిమ్ముతుంది; అప్పటికి ఆపరేటరు ఇంకొక పని మీద వెళ్ళి ఉంటే దానిని మూసేవారు ఉండరు. ప్రపంచవ్యాప్తంగా శీతలీకరణ ప్లాంట్లలో తరచుగా ప్రమాదాలకు దారితీసే పని ఇదే. చేయి తీయగానే తనంతట తాను మూసుకొనే స్ప్రింగు వాల్వును అమర్చడం, ఇద్దరు లేనిదే ఈ పని మొదలుపెట్టకపోవడం దీనికి విరుగుడు. ఖర్చు స్వల్పం.

రెండు వాల్వుల నడుమ ద్రవం చిక్కుకొనిపోయి ఎండకు వ్యాకోచించి పైపు పగలడం మరొక కారణం. తీర ప్రాంతంలో మూడవదానికి మరింత ప్రాధాన్యం ఇవ్వాలి. ఉప్పుగాలి, తేమ పైపులపై ఉండే ఇన్సులేషన్ లోపలికి చేరి ఇనుమును కనబడకుండా తినివేస్తాయి. బయటి తొడుగు కొత్త రంగుతో మెరుస్తున్నా లోపలి పైపు మందం సగానికి తగ్గి ఉండవచ్చు. తనిఖీకి వెళ్ళిన అధికారి తొడుగు విప్పించి కొన్ని చోట్ల మందం కొలిపించనిదే ఆ తనిఖీ పూర్తయినట్లు కాదు. రాగి, ఇత్తడి భాగాలను అమోనియా దెబ్బతీస్తుంది కనుక మరమ్మతులలో వాటిని వాడరాదు.

యంత్రాల గదికి వెలుపల నుండి ఆపగల స్విచ్చి, గ్యాస్ డిటెక్టర్లు, విద్యుత్తు పోయినా పనిచేసే సైరను, ఎగ్జాస్టు ఫ్యాన్లు, బయటకు తెరుచుకొనే తలుపులు ఉండాలి. శుభ్రత నిమిత్తం మూసి ఉంచే హాలు తలుపులు రాత్రి షిఫ్టులో లోపలి నుండి తోయగానే తెరుచుకోవాలి. 2020 మే 7న విశాఖపట్నం వద్ద స్టైరీన్ లీకై 12 మంది మరణించిన ఘటనలో సైరను మోగలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చిన విషయం ఇక్కడ గుర్తుచేయదగినది.

లీకైనప్పుడు

గాలికి అడ్డంగా నడిచి, ఆపై గాలి వచ్చే దిక్కుకు చేరుకోవాలి. ఈ తీరంలో పగటి వేళ సముద్రపు గాలి ఊళ్ళ వైపు, రాత్రి వేళ నేలగాలి సముద్రం వైపు వీచడం సాధారణం. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలి బలంగా ఉంటుంది. కనుక పగలు ఖాళీ చేయించవలసిన పల్లె వేరు, రాత్రి చేయించవలసినది వేరు. బకింగ్‌హాం కాలువకు, సముద్రానికి మధ్య ఉన్న పల్లెలకు వంతెనే దారి. ఆ వంతెన గాలివాలులో ఉంటే జనాన్ని అటు నడిపించడం కంటే ఇళ్ళలోనే తలుపులు, కిటికీలు మూసి, సందులలో తడిబట్ట పెట్టి ఉంచడం క్షేమం. తడిబట్టను ముక్కుకు, నోటికి అడ్డు పెట్టుకోవడం తప్పించుకొనే కొద్ది నిమిషాలకు ఉపకరిస్తుంది. లోపలికి వెళ్ళి వాల్వు మూసేందుకు సొంత గాలి సిలిండరు గల శ్వాస పరికరం తప్పనిసరి.

వాయు మేఘంపై నీటి తెర చల్లితే అమోనియా కరిగిపోతుంది. నేలపై నిలిచిన ద్రవ అమోనియాపై మాత్రం నీరు పోయరాదు. అది మరింత ఉధృతంగా ఆవిరవుతుంది. చల్లిన నీరు ఎటు పోతుందన్నది మరువరాదు. రొయ్యకు లీటరు నీటిలో 0.1 మిల్లీగ్రాము అయనీకరణం చెందని అమోనియా మించకూడదని నిపుణులు సూచిస్తారు. అగ్నిమాపక నీరు పంటకాలువలోకి చేరితే దిగువనున్న చెరువుల పంట మొత్తం నష్టపోయే అవకాశం ఉన్నందున గండ్లు మూయించి, రైతులకు నీరు తోడవద్దని వెంటనే తెలియజేయాలి.

బాధితుల కళ్ళను కనీసం 15 నిమిషాల పాటు ధారగా పారే మంచినీటితో కడగాలి. తడిసిన దుస్తులు తీసివేయాలి. చర్మానికి గడ్డకట్టి అంటుకొన్న వస్త్రాన్ని ముందు నీటితో కరిగించాలి. నిమ్మరసం, వెనిగరు వంటివి పోయరాదు. దీనికి ప్రత్యేక విరుగుడు మందు లేదు. ఆక్సిజను, శ్వాసమార్గ సంరక్షణ ప్రధాన చికిత్స. ఊపిరితిత్తులలో నీరు చేరడం కొన్ని గంటల తరువాత బయటపడవచ్చు. కావున కాస్త తేరుకొన్నారని ఘాటుగా పీల్చిన వారిని అదే రోజు ఇంటికి పంపరాదు.

ఇదే పరిశ్రమలో మరొక వాయువు విషయం క్లుప్తంగా. 2017 మార్చి 30న పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు మండలంలోని ఆక్వా ప్లాంటులో వ్యర్థాల ట్యాంకు వద్ద ఐదుగురు కార్మికులు మరణించారు. అటువంటి ట్యాంకులలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే వాసన పసిగట్టే శక్తినే హరిస్తుంది. అమోనియా వలె ముందుగా హెచ్చరించదు.

ఘటనా స్థలంలో పాత్రికేయులు అడగదగినవి: లీకైనది ద్రవమా, వాయువా, వ్యవస్థలో మొత్తం నిల్వ ఎంత, తగ్గినది ఎంత, వాల్వు మూసిన సమయం, అప్పటి గాలి దిశ, ఆసుపత్రిలో పరిశీలనలో ఉన్నవారి సంఖ్య. పరిస్థితి అదుపులోకి వచ్చిందన్న ప్రకటనకు మీటరు చూపిన పి.పి.ఎం. రీడింగు, తీసిన చోటు, సమయం జతచేసి విడుదల చేయడం అధికారుల బాధ్యత. లీకు సమాచారాన్ని 112 లేదా అగ్నిమాపక శాఖ 101 నంబరుకు, అంబులెన్సు కొరకు 108కి తెలియజేయవచ్చును.