వైద్య విద్యార్థుల ఓటుపెట్టె



హౌస్ సర్జన్ అనే మాట మనలో చాలామందికి తెలిసిందే. పెద్దాసుపత్రికి వెళ్ళినవారికి మొదట ఎదురయ్యేది పెద్ద డాక్టరు కాదు. మెడలో స్టెతస్కోపు, కళ్ళలో నిద్రలేమి ఉన్న కుర్ర డాక్టరు. నాలుగున్నరేళ్ళ చదువు ముగించుకొని, మరో ఏడాదిపాటు మెడికల్ వార్డులోనూ, కాన్పుల వార్డులోనూ, ఆపరేషన్ థియేటర్లోనూ వంతులవారీగా పనిచేసేవారిని మనం అలా పిలుస్తాం. పేరులో సర్జన్ ఉన్నా చేతికి కత్తి అందేది తక్కువే. కట్లు కట్టడం, కుట్లు వేయడం, రక్తం సీసా కోసం పరుగెత్తడం వారి పని. ఇంత తీరికలేని వారికీ సంఘాలున్నాయి, ఆ సంఘాలకు ఎన్నికలున్నాయి, ఆ ఎన్నికలకు చరిత్ర ఉంది. ఈ పూట మీతో ముచ్చటించదలచింది ఆ చరిత్రే.

నేను భీవండిలో పంతులును. తెలుగూ మరాఠీ రెండు భాషల్లోనూ పాఠం చెబుతాను. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి వచ్చి పద్మనగర్‌లో స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాల పిల్లలు నా తరగతిలో కూర్చుంటారు. తండ్రి పన్నెండు గంటల పాళీ మీద సాంచాలు నడుపుతాడు, తల్లి ఇంట్లో కండెలు చుడుతుంది. అలాంటి ఇంటినుంచి ఒక పిల్ల డాక్టరు చదువుకు వెళితే వాడంతా పండగే. సోలాపూర్, నాందేడ్, చంద్రపూర్ వైపున్న శ్రోతలకు ఇది వేరే చెప్పనక్కరలేదు. కానీ ఆ పిల్ల కాలేజీలో ఎన్నికకు నిలబడతానంటే మాత్రం ఇంట్లో అందరూ ఉలిక్కిపడతారు. ఆ భయం ఎంతవరకు సబబో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

వైద్య విద్యార్థులు తమకు తాము సంఘం కట్టుకోవడం కొత్త సంగతి కాదు. స్కాట్లాండులోని ఎడింబరో నగరంలో 1734లో ఆరుగురు విద్యార్థులు కలిసి ఒక శవాన్ని కోసి పరీక్షించారు. ఆ పని పూర్తయ్యాక కలిసి కూర్చుని వ్యాసాలు చదువుకోవడం, ఒకరినొకరు ప్రశ్నించుకోవడం అలవాటు చేసుకున్నారు. మూడేళ్ళకు, 1737లో, అది సంఘమైంది. 1778లో రాజశాసనం సంపాదించి రాయల్ మెడికల్ సొసైటీగా నిలిచింది. అధ్యక్షుడు ప్రొఫెసరు కాదు, విద్యార్థే. గురువుగారి ముందు నోరు మెదపని కుర్రవాడు తోటివారి ముందు తన వాదం నిలబెట్టుకోవాలి. వైద్యం నేర్పని విద్య ఒకటి అక్కడ నేర్చుకునేవారు. నిలబడి మాట్లాడటం, ఎదుటివాడు తప్పంటే కోపం తెచ్చుకోకపోవడం – ఇవి ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండవు.

మనకు దగ్గరి బొంబాయికి వస్తే, గ్రాంట్ మెడికల్ కాలేజీ 1845లో తెరిచారు. అక్కడినుంచి 1851లో పట్టా పుచ్చుకొని బయటికి వచ్చిన మొదటి జట్టులో భావూ దాజీ లాడ్ ఒకరు. గోవా వైపు పల్లెనుంచి వచ్చిన కుర్రవాడు. మరుసటి ఏడాదే పుట్టిన బాంబే అసోసియేషన్‌లో ముందువరుసలో నిలిచి, తర్వాత రెండుసార్లు నగర షరీఫ్ అయ్యారు. ఊరికి బయటివాడైనా డాక్టరు నలుగురి తరఫున మాట్లాడగలడని ఆ నగరం అంత తొందరగానే చూసింది.

ఇక మన తెలుగువారి మాట. ఈ విషయంలో ముందుగా గుర్తుకు వచ్చేది సరిహద్దు ఊరు గుల్బర్గా. ఇప్పుడు దాన్ని కలబురగి అంటున్నారు. 1956 దాకా అది హైదరాబాదు రాష్ట్రంలోదే. కన్నడం, ఉర్దూ, మరాఠీ, తెలుగు నాలుగూ ఒకే బజారులో వినిపించే చోటు. హైదరాబాద్ కర్ణాటక విద్యాసంస్థ 1963లో అక్కడ మహాదేవప్ప రాంపురే మెడికల్ కాలేజీ పెట్టింది. మణిపాల్‌లో 1953లో మొదలైన దారి ఇది. ప్రభుత్వ కాలేజీలో సీటు దొరకని ఆంధ్ర పిల్లలు చాలామంది కర్ణాటక బండి ఎక్కడం ఆ రోజుల్లో మొదలైంది.

అలా వెళ్ళినవారిలో కడప జిల్లా పులివెందుల కుర్రవాడు యెదుగూరి సందింటి రాజశేఖరరెడ్డి ఒకరు. 1949లో పుట్టారు. ఆయన చేరేనాటికి ఆ కాలేజీకి పదేళ్ళయినా నిండలేదు. అక్కడ విద్యార్థి సంఘానికి అధ్యక్షుడయ్యారు. చదువు ముగించి హౌస్ సర్జన్‌గా తిరుపతి శ్రీ వేంకటేశ్వర మెడికల్ కాలేజీకి వచ్చాక, అక్కడి హౌస్ సర్జన్ల సంఘానికీ నాయకుడిగా ఎన్నికయ్యారు. ఈ రెండో ఎన్నికే నాకు ఆసక్తి కలిగించేది. ఐదేళ్ళు కలిసి చదివిన చోట గెలవడం ఒకటి, కొత్తగా వచ్చి ఏడాదికే వెళ్ళిపోయే చోట గెలవడం మరొకటి. హౌస్ సర్జన్ల సంఘంలో పదవి అంటే ఊరేగింపు కాదు. డ్యూటీల వంతులు, నెల భత్యం, వార్డులో దెబ్బలాట జరిగితే సూపరింటెండెంట్ గదికి వెళ్ళి మాట్లాడటం – అంతా తలనొప్పి వ్యవహారమే.

తర్వాతి కథ మీకు తెలుసు. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కొద్దికాలం ఉద్యోగం, 1973లో పులివెందులలో తండ్రి పేరిట 70 పడకల ధర్మాసుపత్రి, 1978లో శాసనసభ, 2004లో ముఖ్యమంత్రి పదవి, 2009లో హెలికాప్టర్ ప్రమాదం. ఆయన రాజకీయాలు నచ్చినవారూ నచ్చనివారూ మీలో ఉంటారు. ఆ జోలికి నేను పోను. కానీ పేదవాడి శస్త్రచికిత్స ఖర్చు ప్రభుత్వం భరించే ఆరోగ్యశ్రీ 2007లో ఆయన హయాంలోనే మొదలైంది. మహారాష్ట్రలో 2012లో వచ్చిన జీవనదాయీ ఆరోగ్య యోజన కూడా ఆ బాటలోదే. తర్వాత దానికి మహాత్మా జోతిబా ఫులే పేరు పెట్టారు. రేషన్ కార్డు చూపించి గుండె ఆపరేషను చేయించుకున్న సాంచా కార్మికులు మా వాడలోనూ ఉన్నారు. హౌస్ సర్జన్ల సంఘంలోనే ఆ ఆలోచన పుట్టిందని నేను అనను, అలా అనడానికి ఆధారమూ లేదు. వార్డు తెలిసిన మనిషి అధికారంలోకి వచ్చాడన్నది మాత్రం నిజం.

ఒక మాట ఇక్కడ దాచకూడదు. ఆయన పేదింటి బిడ్డ కాదు, వెనుక ఆస్తీ బలగమూ ఉన్న కుటుంబం. ఓడిపోయినా పోయేదేమీ లేదు. సాంచాల ఇంటి పిల్లకు అలా కాదు. ఒక్క పేపరు తప్పితే ఆ అప్పు ఎవరు తీర్చాలి? అందుకని ఆయన్ను చూపించి మన పిల్లల్ని ముందుకు తోయడం నాకు ఇష్టం లేదు.

పైగా ఆ రోజుల ఓటుపెట్టె తర్వాత చాలాచోట్ల మూతపడింది. 1989లో బొంబాయిలో ఒక విద్యార్థి నాయకుడు హత్యకు గురయ్యాడు. కాలేజీ ఎన్నికల్లో డబ్బూ గూండాలూ జొరబడ్డారన్న గగ్గోలు పుట్టింది. చివరికి 1994 నాటి మహారాష్ట్ర విశ్వవిద్యాలయాల చట్టం ప్రత్యక్ష ఎన్నికలు తీసేసి, మార్కులు ఎక్కువ వచ్చినవారినే విద్యార్థి మండలికి తీసుకునే పద్ధతి పెట్టింది. ఆంధ్రలో కూడా 1980ల చివరలోనే కాలేజీ ఎన్నికలు ఆగాయి. లింగ్డో కమిటీ 2006లో నిబంధనలు సూచించింది, 2016 చట్టం మహారాష్ట్రలో ఎన్నికలకు మళ్ళీ చోటిచ్చింది, కానీ అమలు వాయిదాలు పడుతూ వచ్చింది. హత్యలు చూసిన తల్లిదండ్రులు హమ్మయ్య అనుకున్నారు. వారిని తప్పుపట్టలేం. అయితే మార్కులు వచ్చినవాడికీ, నలుగురి బాధ చెప్పగలిగేవాడికీ తేడా ఉందని పాతికేళ్ళుగా తరగతి లీడర్లను చూస్తున్న నాకు తెలుసు.

మెడికల్ కాలేజీల్లో మాత్రం ఆ అలవాటు పూర్తిగా చావలేదు. మహారాష్ట్రలో రెసిడెంట్ డాక్టర్ల సంఘం మార్డ్, ఆంధ్రలో, తెలంగాణలో జూనియర్ డాక్టర్ల సంఘాలు నిలిచాయి. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగినప్పుడు దేశమంతటా కదిలింది ఈ కుర్ర డాక్టర్లే. సెప్టెంబరులో బెంగాల్ ముఖ్యమంత్రి ఎదుట చర్చలకు కూర్చున్నదీ వారే. అదే సమయంలో ఓపీ మూతపడితే నష్టపోయేది కూలివాడు. రోజు పగారు వదులుకొని లైనులో నిలబడి, తలుపు మూసి ఉండటం చూసి తిరిగివచ్చినవారు ఈ సంఘాలను మెచ్చుకోరు. నాయకుడైనవాడు ఈ రెండు వైపులూ చూడాలి.

మూడేళ్ళ కిందట నా దగ్గర చదివిన పిల్ల ఒకతె ఫోను చేసింది. మెడిసిన్ మూడో ఏడు. తమ కాలేజీలో విద్యార్థులు నడుపుకునే సర్జరీ క్లబ్బు ఉందట. సాయంత్రాలు కుట్లు వేయడం, ముళ్ళు వేయడం సాధన చేస్తారు, సర్జన్లను పిలిచి ప్రసంగాలు పెట్టిస్తారు. ఆ క్లబ్బు కార్యదర్శి పదవికి నిలబడాలని ఆమె కోరిక.

"మా బాపు ఒద్దంటుండు సార్. మనకెందుకు బిడ్డా గీ లొల్లి, మంచిగ సదువుకో అంటుండు" అంది.

ఎందుకు నిలబడాలనుకుంటున్నావమ్మా అని అడిగాను. సాధన రాత్రి ఏడింటికి పెడుతున్నారట. హాస్టల్లో ఉండేవారికి బాగానే ఉంటుంది. రైలెక్కి, షేర్ ఆటో పట్టుకొని ఇల్లు చేరాల్సిన తనలాంటివారు సగంలో లేచి రావాలి. సూదీ దారమూ కొనుక్కోవాల్సిందీ ఎవరికివారే. గడువు దాటి థియేటర్లో వాడకుండా మిగిలిపోయే దారం సాధనకు ఇప్పించమని అడిగినవారు ఇంతవరకు లేరు.

తండ్రితో నేనే మాట్లాడాను. ఆయన సాంచా ముందు నిలబడి, తెగిన పోగును రెప్పపాటులో ముడివేసే మనిషి. "అన్నా, గెలిస్తే ఏడాదిపాటు వారానికి రెండు గంటలు పోతాయి, పరీక్షల నెలలో పని ఇంకొకరికి అప్పగిస్తానని ముందే చెప్పమందాం" అన్నాను. చాలాసేపు ఆలోచించి, "గా దారం ముచ్చట ఖరారుగ అడుగమను సార్" అన్నాడు.

ఆదివారం కూర్చుని ఆమె ప్రసంగం మరాఠీలో రాసుకుంది. మూడు నిమిషాలే ఇస్తారట. నేను దిద్దింది రెండు చోట్లే. సాధన వేళ సాయంత్రం అయిదుకు మార్చాలన్నది మొదటి వాక్యంగా పెట్టుకోమన్నాను.