గడపకో నంబరు

ఇంగ్లండ్‌లోని నార్విచ్ నగరంలో 1957లో తీసిన ఒక నలుపు తెలుపు ఫొటో కంప్యూటర్ల చరిత్ర చెప్పేచోట తరచూ కనిపిస్తుంది. బెథెల్ స్ట్రీట్‌లో లారీ ఆగి ఉంది. దాని మీద బీరువాను తలపించే పెద్ద పెట్టె, చుట్టూ దాన్ని దింపించుకునే హడావిడిలో మనుషులు. ఎలియట్ 405 అనే కంప్యూటర్‌లో ఆ పెట్టె ఒక భాగం మాత్రమే. తెప్పించుకున్నది సిటీ కౌన్సిల్ ఖజానా విభాగం. ఇంటిపన్ను లెక్కలు, ఉద్యోగుల జీతాల బిల్లులు దానితో చేయాలని వాళ్ల ఆలోచన. బ్రిటన్‌లో సొంత కంప్యూటర్ పెట్టుకున్న మొదటి స్థానిక సంస్థగా నార్విచ్‌కు పేరుంది.

రెండేళ్లు తిరిగేసరికి, 1959లో, తపాలా శాఖ పోస్ట్‌కోడ్‌ను తొలిసారి ప్రయోగించి చూసిందీ ఈ ఊళ్లోనే. కౌన్సిల్ కంప్యూటరు, తపాలా కోడు ఒకే ఊళ్లో కళ్లు తెరిచాయి. కానీ కౌన్సిల్ దగ్గరున్న ఇళ్ల జాబితా, తపాలా వాళ్ల ఇళ్ల జాబితా ఒక్కటి కావడానికి ఆ దేశానికి మరో యాభై ఏళ్లు పట్టింది. పట్టణ పాలనలో డిజిటల్ సహకారం అనగానే అందరూ యాప్‌ల గురించి మాట్లాడతారు. అసలు కథ మాత్రం చిరునామాల్లో ఉంది.

యంత్రాలను పంచుకోవడంలో కౌన్సిళ్లకు పెద్ద ఇబ్బంది రాలేదు. అప్పట్లో కంప్యూటర్ అంటే ఖజానాకు గండి, కాబట్టి నలుగురూ కలిసి కొనుక్కోవడం తప్పనిసరి. 1960లలో స్థానిక సంస్థలన్నిటికీ సలహాలివ్వడానికి ‘లామ్‌శాక్’ అనే ఉమ్మడి కమిటీ వచ్చింది. లండన్‌లో కొన్ని బరోలు, అంటే అక్కడి మున్సిపాలిటీలు, ‘లోలా’ పేరుతో ఒకే కంప్యూటర్ కేంద్రాన్ని నడుపుకున్నాయి. చిక్కంతా ఆ యంత్రంలో ఎక్కించే సమాచారంతోనే వచ్చింది.

ఒకే ఇంటిని పన్నుల విభాగం ‘14బి, హై స్ట్రీట్’ అని రాసుకుంటుంది. ప్లాన్లు మంజూరు చేసే విభాగం ‘ఫ్లాట్ 2, 14 హై స్ట్రీట్’ అంటుంది. ఓటర్ల జాబితాలో ‘రోజ్ కాటేజ్ పై అంతస్తు’ అని ఉంటుంది. మనిషి చదివితే మూడూ ఒకటేనని పట్టేస్తాడు. కంప్యూటర్‌కు అవి మూడు ఇళ్లు. ఒక కౌన్సిల్‌లోని విభాగాలకే పొసగనప్పుడు పొరుగు కౌన్సిల్‌తో, ఫైర్ స్టేషన్‌తో, ఆసుపత్రితో ఏం పొసగుతుంది?

పోస్ట్‌కోడ్ దీనికి మందు కాలేదు. ఒక్కో కోడు కింద సగటున 15 చిరునామాలుంటాయి. పైగా తపాలా వాళ్లకు ఉత్తరాలు వేసే చోటుతోనే పని. పెద్ద ఇంటిని నాలుగు వాటాలుగా చీల్చి, వీధి తలుపుకు ఒకే ఉత్తరాల పెట్టె పెడితే వాళ్లకు సరిపోతుంది. పార్కులో మరుగుదొడ్డికి, కరెంటు సబ్‌స్టేషన్‌కు ఉత్తరాలు రావు కనుక అవి వాళ్ల లెక్కలోకే రావు. నిప్పంటుకుంటే ఫైరింజన్ మాత్రం అక్కడికీ వెళ్లాలి.

చిరునామా పుట్టేది కౌన్సిల్లోనే. వీధులకు పేర్లు రాయించే, ఇళ్లకు నంబర్లు వేయించే అధికారం 1847 నాటి పట్టణాభివృద్ధి చట్టం నుంచీ స్థానిక సంస్థలకు ఉంది. కొత్త ఇల్లు వస్తోందన్న సంగతి అందరికంటే ముందు తెలిసేదీ ప్లాన్ మంజూరు చేసే గుమస్తాకే. ఈ చిన్న నిజం మీద ఆధారపడి 1999లో ఇంగ్లండ్, వేల్స్ కౌన్సిళ్లు ‘జాతీయ భూమి, ఆస్తుల గెజెటీర్’ను మొదలుపెట్టాయి. ఎవరి ఊరి జాబితాను వాళ్లే తయారుచేయాలి, అంతా ఒకే పద్ధతిలో రాయాలి, మార్పులను ఎప్పటికప్పుడు కేంద్ర జాబితాకు పంపాలి. నియమాలు అంతే. ఒక్కో కౌన్సిల్‌లో ఈ పని చూసే ఉద్యోగిని ‘కస్టోడియన్’ అంటారు. క్రమంగా అప్పటి 348 కౌన్సిళ్లూ ఇందులో చేరాయి. ఇంత పెద్ద ఉమ్మడి పని పైనుంచి ఎవరూ కర్ర పట్టుకుని చేయించకుండా నడిచింది. ఆ గుమస్తాల పేర్లు ఏ చరిత్ర పుస్తకంలోనూ ఉండవు. ఉండాల్సింది.

వాళ్లు ప్రతి ఆస్తికీ ఒక విశిష్ట సంఖ్య ఇచ్చారు. పొడి అక్షరాల్లో దాని పేరు యూపీఆర్ఎన్. గరిష్ఠంగా 12 అంకెలు. బ్రిటన్ ప్రధాని నివాసం 10 డౌనింగ్ స్ట్రీట్‌నే చూడండి, దాని సంఖ్య 100023336956. ఈ అంకెల్లో వార్డు, వీధి, వరస ఏదీ దాగి లేదు. దాని బలం సరిగ్గా అదే. వీధి పేరు మారినా, వార్డు హద్దులు చెరిగినా, యజమాని ఇంటికి కొత్త పేరు పెట్టుకున్నా సంఖ్య చెక్కుచెదరదు. ఇంటిని వాటాలు చేస్తే ఒక్కో వాటాకు కొత్త సంఖ్య వస్తుంది. అసలు ఇంటి సంఖ్య వాటికి తల్లి సంఖ్యగా ఉంటుంది. ఇల్లు కూల్చేసినా ఆ సంఖ్యను మరొకరికి ఇవ్వరు.

ఇంత మంచి జాబితా చేతిలో ఉంటే దేశమంతా వాడుకోవాలి కదా? వాడుకోలేదు. తపాలా సంస్థ రాయల్ మెయిల్‌కు ఒక జాబితా, మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వేకు ఒకటి, కౌన్సిళ్లకు ఒకటి. మూడూ ప్రజల సొమ్ముతో తయారైనవే. మూడింటికీ వేర్వేరు లైసెన్సులు, రుసుములు. 2000ల దశకంలో వీటిని కలపాలని ఒకటికి రెండుసార్లు చూశారు. హక్కుల పేచీల దగ్గర ఆగిపోయారు. చివరికి 2011 జనగణన కోసం గణాంక కార్యాలయం సుమారు కోటీ 20 లక్షల పౌండ్లు ఖర్చుపెట్టి, ఉన్న జాబితాలన్నీ కలిపి సొంతంగా నాలుగో జాబితా చేసుకోవాల్సి వచ్చింది. ప్రజలు ఒకసారి డబ్బు కట్టిన సమాచారానికే మళ్లీ కట్టించడం ఎంత అన్యాయమో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆ ఏడాదే పరిస్థితి మారింది. కౌన్సిళ్ల సంఘం, ఆర్డ్‌నెన్స్ సర్వే కలిసి ‘జియోప్లేస్’ అనే ఉమ్మడి సంస్థ పెట్టి, తపాలా చిరునామాలతో సహా అన్నిటినీ ఒకచోటికి చేర్చాయి. 2020 జులై 1 నుంచి యూపీఆర్ఎన్‌లను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ప్రభుత్వం వీలు కల్పించింది. అప్పటికవి 4 కోట్ల పైచిలుకు. అయితే అంకె, అది మ్యాపులో ఉన్న చోటు మాత్రమే ఉచితం. దాని ఎదుట రాసే వీధి, ఊరు, పోస్ట్‌కోడ్ వివరాలకు ఇంకా లైసెన్సు కావాలి. 2013లో రాయల్ మెయిల్‌ను ప్రైవేటుకు అమ్మినప్పుడు చిరునామాల ఫైలు కూడా ఆ అమ్మకంలో పోయింది. ఆ అమ్మకాన్ని తర్వాత పార్లమెంటు కమిటీయే తప్పుబట్టింది.

సంఖ్య విలువ కొవిడ్ కాలంలో గుమ్మాల దగ్గర తెలిసింది. తీవ్ర జబ్బులున్నవాళ్లు ఇల్లు కదలవద్దని 2020 మార్చిలో ఇంగ్లండ్ ప్రభుత్వం చెప్పాక, వాళ్ల జాబితాలు కౌన్సిళ్లకు చేరాయి. అవి ఆరోగ్య శాఖ రికార్డుల నుంచి వచ్చినవి. కౌన్సిల్ దగ్గర వేరే జాబితాలున్నాయి: ఇంటి దగ్గరే సంరక్షణ పొందుతున్నవాళ్లు, చెత్త డబ్బా వీధి దాకా తెచ్చుకోలేమని సాయం కోరిన వృద్ధులు. యూపీఆర్ఎన్ వేసి ఉన్నచోట రెండింటినీ కలిపి ఎవరికి ముందుగా సరుకుల పెట్టె చేర్చాలో, ఎవరికి ఫోన్ చేయాలో త్వరగా తేల్చుకోగలిగారు. లేనిచోట సిబ్బంది పేర్లు, వీధులు చదువుకుంటూ కూర్చున్నారు.

లండన్ బరోలకు ఆ పాఠం అంతకుముందే ఎదురైంది. లైసెన్సు లేకుండా ఒకే ఇంట్లో చాలామందికి గదులు అద్దెకిస్తున్న యజమానులను డేటాతో పసిగట్టాలని 2016 ప్రాంతంలో పలు బరోలు కలిసి ప్రయత్నించాయి. డేటా తెచ్చి, శుభ్రం చేసి, జతపరచడానికే చాలా శ్రమ పోయింది. ఆ తర్వాత, బరోలు కలిసి పనిచేయడానికి ‘లోటీ’ అనే శాశ్వత కార్యాలయం 2019లో ఏర్పడింది.

ఈ మధ్యలో కౌన్సిళ్లు మరో మంచి అలవాటు చేసుకున్నాయి. బ్రైటన్ కౌన్సిల్ తన వెబ్‌సైట్ కోసం రాయించుకున్న కోడ్‌ను క్రోయిడన్ బరో అడిగి తీసుకుంది. అలా మొదలైన ‘లోకల్‌గవ్ డ్రూపల్’ అనే ఉమ్మడి వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడు పదుల సంఖ్యలో కౌన్సిళ్లు కలిసి మెరుగుపరుస్తున్నాయి. ఒక కౌన్సిల్ డబ్బుపెట్టి చేయించిన మార్పు మిగతా అందరికీ ఊరికే అందుతుంది.

తెలుగు నేల ఈ దారికి కొత్తదేం కాదు. విజయవాడ నగరపాలక సంస్థ 1998లోనే ‘వాయిస్’ అనే పథకం మొదలుపెట్టి, జనన, మరణ ధ్రువపత్రాలు, ప్లాన్ అనుమతులు, పన్నుల చెల్లింపు కంప్యూటర్ కౌంటర్ల ద్వారా అందించింది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 110 పట్టణాలు ఒకే సాఫ్ట్‌వేర్ మీదికి వచ్చాయి. అది 2003లో నందన్ నీలేకని, శ్రీకాంత్ నాధముని స్థాపించిన ఈగవర్నమెంట్స్ ఫౌండేషన్ తయారుచేసినది. ఊరూరా వేరే కంపెనీ, వేరే ప్రోగ్రామ్ అనే బాధ దానితో చాలావరకు తీరింది.

ఇంటి సంఖ్య దగ్గర మాత్రం మనం నార్విచ్ పాత రోజుల్లోనే ఉన్నాం. పన్ను రసీదు మీద అసెస్‌మెంట్ నంబరు, హైదరాబాద్‌లో అయితే పీటీఐఎన్. కరెంటు బిల్లు మీద సర్వీసు నంబరు. నల్లా కనెక్షన్‌కు ఇంకొకటి. గోడ మీద పాత డోర్ నంబరు కొట్టేసి పక్కనే రాసిన కొత్త నంబరు. ఇల్లు చేతులు మారినప్పుడు ఇవన్నీ ఒకే గడపవని నిరూపించే పని చాలాసార్లు ఇంటివాళ్ల మీదే పడుతుంది. వాళ్లు దస్తావేజుల జిరాక్సులు పట్టుకుని ఒక్కో ఆఫీసు కౌంటర్ దగ్గరా విడివిడిగా వరసలో నిలబడతారు.