లిట్టర్ మాత్

‘లిట్టర్’కు మూలం పడక అని అర్థమిచ్చే లాటిన్ మాట ‘లెక్టస్’. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు చేరాక పశువుల కింద పరిచే గడ్డి, ఆపై చెత్త, రాలిన ఆకుల పొర అనే అర్థాలు వచ్చాయి. మన కోళ్ల ఫారాల్లో నేల మీద పరిచే వరి పొట్టును లిట్టర్ అనడంలో పాత అర్థమే నిలిచింది. ఇక లిట్టర్ మాత్ అనే రెక్కల పురుగుల్లో చాలా జాతుల గొంగళి పురుగులు పచ్చాకు జోలికి పోవు. తడిసి కుళ్లే ఎండుటాకునే తింటాయి. పేరు అతికినట్టు సరిపోయింది. శాస్త్రీయంగా ఇవి హెర్మినీనే ఉపకుటుంబం. ఒకప్పుడు లద్దె పురుగుతో పాటు నాక్టుయిడే కుటుంబంలో ఉండేవి; జన్యు పరిశీలనల తరువాత ఎరెబిడేకు మారాయి. లాటిన్‌లో ‘నాక్టువా’ గుడ్లగూబ, గ్రీకులో ‘ఎరెబోస్’ చీకటి. గూబ పేరు పోయి చీకటి పేరు వచ్చిందన్నమాట! ఆముదపు ఆకును కొరికే దాసరి పురుగూ ఈ కుటుంబానిదే.