కూర్చున్న చోటుకే పన్ను

నందిగామ నుంచి విజయవాడ వెళ్లే దారిలో పరిటాల తగులుతుంది. 1948కి ముందు ఆ ఊరూ, దాని పక్కనున్న మరికొన్ని ఊళ్లూ నిజాం ఏలుబడిలో ఉండేవి. చుట్టూ మాత్రం బ్రిటిష్ వారి కృష్ణా జిల్లా. ఇటు జగ్గయ్యపేట దాటితే అసలు హైదరాబాద్ సంస్థానమే: సరుక్కి కరోడ్‌గిరి సుంకం, చేతిలో నిజాం నాణెం హాలీ సిక్కా. ఎల్ల దాటితే ఏ సర్కారుకు ఎంత కట్టాలన్న తకరారు ఈ మెట్టప్రాంతానికి సాఫ్ట్‌వేర్ కంపెనీలతో వచ్చింది కాదు.

సరుకునైతే నాకా దగ్గర ఆపొచ్చు. కొలువుకొచ్చే మనిషిని? దానికి నిజాం సర్కారు 1919లో ఫర్మానా ఇచ్చింది. సర్కారీ నౌకరీ కావాలంటే ముల్కీ, అంటే స్థానికుడు, అయి ఉండాలి. బయటివాడు ముల్కీ కావాలంటే 15 ఏళ్లు సంస్థానంలో కాపురముండాలి. ఆంధ్ర, తెలంగాణ ఒకే రాష్ట్రమయ్యాకా ఆ నిబంధన పోలేదు. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని తేల్చాక ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఉద్యమం కృష్ణా జిల్లాను అట్టుడికించింది.

దేశం దాటడం ఇంకో కథ. 1967 దాకా పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రభుత్వం ఇష్టం. ఆ ఏడాది ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో, విదేశాలకు వెళ్లడం వ్యక్తిస్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 3-2 తేడాతో చెప్పింది. ఆ తీర్పు రాసింది రాజమండ్రి మనిషి, ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. కొద్ది నెలల్లోనే పాస్‌పోర్టు చట్టం వచ్చింది. ఆ తర్వాత విమానం ఎక్కిన తెలుగు డాక్టర్లలో, ఇంజినీర్లలో ఎందరికి ఈ సంగతి తెలుసో అనుమానమే.

పన్నువాళ్లు మాత్రం ముందునుంచీ రోజులే లెక్కపెడుతున్నారు. 1939 సవరణ నాడే 182 రోజుల గీత పడింది. 1961 చట్టం దాన్ని అట్టే పెట్టుకుంది. ఏడాదిలో 182 రోజులు దేశంలో ఉంటే ఇక్కడి నివాసి కిందే లెక్క. 2020లో ఈ గీత ఇంకాస్త బిగిసింది. భారత్‌లో ఆదాయం 15 లక్షలు దాటిన ఎన్నారై 120 రోజులు, ఆపైన ఉంటే, గత నాలుగేళ్లలో ఇక్కడ గడిపిన రోజులను కూడా చూసి నివాసిగా లెక్కించవచ్చు. అమెరికా లెక్కలోనూ రోజులే, కాకపోతే కాస్త తిరకాసు: ఈ ఏడాది రోజులు పూర్తిగా, నిరుటివి మూడో వంతు, అంతకు ముందువి ఆరో వంతు కలిపితే 183 కావాలి.

అమెరికా 1990 చట్టంతో హెచ్-1బి ఉద్యోగ వీసా వచ్చింది. చాలా ఏళ్లపాటు మన పిల్లలు వీసా స్టాంపింగ్‌కు చెన్నై పరుగెత్తారు. 2008లో హైదరాబాద్ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచారు. అమెరికాలో పదేళ్లయినా పనిచేయకుండా తిరిగొచ్చినవాళ్లు సోషల్ సెక్యూరిటీకి కట్టిన డబ్బు చాలావరకు పోయినట్టే. ఆ విషయంలో రెండు దేశాల మధ్య ఒప్పందమే లేదు. ఇంతమంది వెళ్లే దేశంతో ఇన్నేళ్లయినా అది కుదరకపోవడం అన్యాయమే.

2020 మార్చి ఆఖరి వారంలో కోవిడ్ లాక్‌డౌన్‌తో హైదరాబాద్ హాస్టళ్లు మూతపడ్డాయి. పోలీసు పాసులు పట్టుకుని ఊళ్లకు బయల్దేరినవాళ్లు వేలమంది జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో చిక్కుకుపోయారు. తర్వాత ఇళ్లకు చేరి ల్యాప్‌టాప్‌లు తెరిచారు. అంతకుముందు బీపీవోలు ఇంటి నుంచి పని చేయించాలంటే కోటి రూపాయల డిపాజిట్ కట్టాల్సి వచ్చేది. ఆ నవంబరులో టెలికాం శాఖ ఆ షరతు తీసేసింది.

అదే ఏడాది ఆగస్టులో ఎస్తోనియా డిజిటల్ నోమాడ్ వీసా తెచ్చింది: ఎక్కడి జీతమైనా సరే, తమ దేశంలో కూర్చుని పని చేసుకోవచ్చు. దుబాయ్ మొదట్లో నెలకు 5,000 డాలర్ల ఆదాయం చూపమంది. థాయిలాండ్ 2024లో ఐదేళ్ల వీసా ఇచ్చింది. ఒక్కో రాకకు 180 రోజులు. అక్కడ పన్ను నివాసి అయ్యేదీ సరిగ్గా 180 రోజులకే కావడం కాకతాళీయం కాదనిపిస్తుంది. అదే ఏడాది జపాన్ తెచ్చిన ఆరు నెలల వీసాకు అర్హత ఉన్న దేశాల్లో భారత్ లేదు.

వీసా దొరికితే పన్ను తీరినట్టు కాదు. నందిగామలో మేడ మీద గదిలో కూర్చుని అమెరికా కంపెనీకి కోడ్ రాసే మనిషి జీతం అక్కడి బ్యాంకులోనే పడినా, పని జరిగింది ఇక్కడ గనక పన్ను ఇక్కడిదే. కంపెనీ భయం వేరు: ఆ గదిని భారత్‌లో తమ స్థిర వ్యాపార స్థావరంగా చూస్తే లాభాల్లోనూ వాటా అడుగుతారు. ఊరెళ్లి పనిచేస్తానంటే మేనేజర్ నసిగేది అందుకే.

2025 డిసెంబరులో అమెరికా వీసా పరిశీలన కఠినమై స్టాంపింగ్ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి పోయాయి. సెలవుకు వచ్చినవాళ్లు ఊళ్లలోనే ఉండిపోయారు; కొన్ని కంపెనీలు ఇక్కడి నుంచే పని చేయనిచ్చాయి. 1989 నాటి పన్ను ఒప్పందం వీళ్లకు కొంత ఊరట: ఆ పన్ను ఏడాదిలో ఇక్కడున్నది 183 రోజులకు మించకపోతే, జీతమిచ్చేది అమెరికా కంపెనీయే అయితే, ఆ భారం భారత్‌లోని దాని శాఖ మీద పడకపోతే ఇక్కడ పన్ను ఉండదు. అమెరికా లెక్క జనవరి 1న, మన లెక్క ఏప్రిల్ 1న మొదలవుతాయి. డిసెంబరులో వచ్చి జూన్ దాకా చిక్కుకుపోయినవారి రోజులు ఇక్కడ రెండు ఆర్థిక సంవత్సరాలుగా చీలతాయి, రెండూ 183కు చాలా కిందే.