ల్యాప్‌టాప్ సెల్స్ పరుగెత్తించిన కారు

పాడైపోయిన పాత ల్యాప్‌టాప్ బ్యాటరీని రిపేరు షాపులో విప్పుతుంటే ఎప్పుడైనా చూశారా? నల్లటి ప్లాస్టిక్ పెట్టెలో ఆరో ఎనిమిదో గుండ్రటి సెల్స్ వరసగా పడుకుని ఉంటాయి. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్ కన్నా కాస్త లావు, కాస్త పొడుగు. వ్యాసం 18 మిల్లీమీటర్లు, పొడవు 65. అందుకే దాన్ని 18650 అంటారు. టెస్లా రోడ్‌స్టర్ అనే స్పోర్ట్స్ కారు కథను చాలామంది ఎలన్ మస్క్‌తో మొదలుపెడతారు. నేను ఈ సెల్‌తో మొదలుపెడతాను.

కరెంటు కారుకు వేగం కొత్తేమీ కాదు. పెట్రోలు కార్లు ఇంకా తప్పటడుగులు వేస్తున్న 1899లోనే కమీ జెనాట్జీ అనే బెల్జియం దేశస్థుడు ఫ్రాన్స్‌లో బ్యాటరీ బండిని గంటకు 105 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో ఉరికించాడు. రోడ్డు మీద ఒక బండి గంటకు వంద దాటడం అదే మొదటిసారి. చిక్కంతా బరువుతోనే. ఇంకాస్త దూరం పోవాలంటే ఇంకో సీసం బ్యాటరీ ఎక్కించాలి, దాన్ని మోయడానికి మళ్లీ కరెంటు ఖర్చు. ఈ చిక్కుముడి నూరేళ్లు వీడలేదు.

1990లో జనరల్ మోటార్స్ చూపించిన ఇంపాక్ట్ అనే నమూనా కారుకు ఇన్వర్టరు తయారుచేసిన ఇంజనీరు అలన్ కొకోని. బ్యాటరీ ఇచ్చే డీసీని మోటారుకు కావలసిన ఏసీగా మార్చేది ఇన్వర్టరే. ఆయన 1992లో కాలిఫోర్నియాలోని శాన్ డిమాస్‌లో మిత్రులతో కలిసి ఏసీ ప్రొపల్షన్ అనే చిన్న కంపెనీ పెట్టాడు. 1997లో వాళ్లు టీజీరో అనే రెండు సీట్ల కారు కట్టారు. తయారైనవి మూడే మూడు. మొదట వాటిలోనూ సీసం బ్యాటరీలే.

మలుపు 2003లో వచ్చింది. మార్టిన్ ఎబర్‌హార్డ్, మార్క్ టార్పెనింగ్ అనే ఇద్దరు అంతకుముందు రాకెట్ ఈబుక్ అనే, చేతిలో పట్టుకుని పుస్తకాలు చదివే యంత్రం తయారుచేసి అమ్మినవాళ్లు. లిథియం సెల్ ఏటికేడు ఎలా మెరుగవుతోందో ఆ వ్యాపారంలో దగ్గరుండి చూశారు. ఎబర్‌హార్డ్ డబ్బు సాయం చేస్తే, ఏసీ ప్రొపల్షన్ వాళ్లు సీసం తీసేసి సుమారు 6,800 లిథియం ల్యాప్‌టాప్ సెల్స్‌ను టీజీరోలో అమర్చారు. కారు తేలికైంది. సున్నా నుంచి గంటకు 96 కిలోమీటర్లు అందుకోవడానికి 3.6 సెకన్లు చాలాయి. ఒక్క ఛార్జింగ్‌తో సుమారు 480 కిలోమీటర్లు వెళ్లింది. నూరేళ్ల ముడి వీడింది ఇక్కడే అని నా నమ్మకం.

ఆ కారునే అమ్మకానికి తయారుచేయమని అడిగితే ఏసీ ప్రొపల్షన్ వాళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల మనసు చవకైన మామూలు కారు మీద ఉంది. దాంతో ఎబర్‌హార్డ్, టార్పెనింగ్ 2003 జులైలో టెస్లా మోటార్స్ పెట్టారు. టీజీరో ఎక్కి చూసిన మస్క్ 2004లో పెట్టుబడి పెట్టాడు. ముందు స్పోర్ట్స్ కారే కట్టాలనుకున్నారు, ఎందుకంటే సెల్స్ ఖరీదు అప్పట్లో అంతా ఇంతా కాదు. లక్ష డాలర్ల కారు తప్ప మరేదీ ఆ ఖర్చు భరించలేదు.

రోడ్‌స్టర్ చట్రానికి ఇంగ్లండ్ లోటస్ కంపెనీ ఎలీజ్ కారును ఆధారంగా తీసుకున్నారు. మోటారు మాత్రం మన రైతులకు బాగా తెలిసిన జాతిదే. బోరు మీద నడిచే త్రీఫేజ్ ఇండక్షన్ మోటారు సూత్రమే ఈ కారుదీ. నికోలా టెస్లా 1888లో పేటెంటు తెచ్చుకున్న ఆ మోటారు వల్లే కంపెనీకి ఆయన పేరు.

అసలు పనితనం సీట్ల వెనకున్న బ్యాటరీ పెట్టెలో ఉంది. 69 సెల్స్ పక్కపక్కన కలిపితే ఒక ఇటుక. తొమ్మిది ఇటుకలు ఒక పలక. పదకొండు పలకలు కలిస్తే 6,831 సెల్స్, సుమారు 450 కిలోల బరువు. లిథియం సెల్ ఒకటి అంటుకుంటే ఆ వేడికి పక్కదీ అంటుకుంటుంది, అలా వరసంతా తగలబడుతుంది. ఇంజనీర్లు సెల్స్‌ను కావాలనే కాల్చి చూసి, ఒకటి పేలినా మంట పక్కకు పాకకుండా అమరిక మార్చారు. ప్రతి సెల్‌కూ రెండు చివర్లా ఫ్యూజులు పెట్టారు, మధ్యలో చల్లటి ద్రవం పారే గొట్టాలు నడిపారు. కారు మొత్తంలో నన్ను అబ్బురపరిచేది ఈ పెట్టే.

ఏడిపించింది గేర్‌బాక్సు. దూకుడుకు ఒక గేరు, పరుగుకు ఒక గేరు అనుకున్నారు. నిమిషానికి వేల చుట్లు తిరిగే మోటారు మీద గేరు మారితే ఆ దెబ్బకు పళ్లు ఆగలేదు. నెలల తరబడి కారు ఆలస్యమైంది. ఎబర్‌హార్డ్ 2007లో సీఈఓ పదవి నుంచి తప్పుకోవలసి వచ్చింది. చివరికి ఇన్వర్టరునే బలపరిచి మోటారుకు ఎక్కువ కరెంటు పంపారు, రెండో గేరు అవసరమే లేకుండా పోయింది. ఇనుముతో తెగని సమస్య కరెంటుతో తెగింది.

2008లో కార్లు కొన్నవాళ్ల చేతికి అందడం మొదలైంది. 2012లో ఆపేసే నాటికి అమ్ముడుపోయినవి సుమారు 2,450. అదే ఏడాది టెస్లా నుంచి మోడల్ ఎస్ అనే పెద్ద కారు వచ్చింది. దాని పెద్ద బ్యాటరీలో 7,000 పైచిలుకు సెల్స్. కొలత అదే, 18650.